సంస్మరణ వ్యాసం పొగడ్తల దండకం కాకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఊరి గ్రంథాలయం వార్షికోత్సవ సంచికలో గత కొన్నేళ్లలో పోయిన తెలుగు ప్రముఖుల మీద తలా రెండు పేజీలు వేయాలనుకున్నారు. చేతికొచ్చిన వ్యాసాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పుట్టుక, చదువు, అవార్డులు, చివర్లో "తీరని లోటు". పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. మరి ఏం రాయించాలి, ఏవి సరిచూసుకోవాలి, వివాదాలున్నవాళ్ల సంగతేంటి?

రాసేవాళ్లకు రెండే ప్రశ్నలు ఇవ్వండి. ఈ మనిషి పోవడంతో ఏది ఆగిపోయింది? పోయినా ఏది ఆగలేదు? ఈ రెండిటికీ పేర్లతో, ఏళ్లతో జవాబు రాస్తే అదే వ్యాసం. పుట్టిన తేదీ, అవార్డులు, పదవులు పక్కన బాక్సులో పడేయండి. వాటికి ఎనిమిది పది లైన్లు చాలు. రెండు ప్రశ్నలకూ జవాబు తోచలేదంటే రాసే ఆయనకు ఆ మనిషి పేరు తెలుసు గానీ పని తెలియదన్నమాట. ఆ వ్యాసం ఇంకొకరికి అప్పగించడమే మేలు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగతే చూద్దాం. 2020 సెప్టెంబర్ 25న చెన్నైలో పోయారు. ఏది ఆగిపోయింది అని అడిగితే అందరూ "ఆ గొంతు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది, వ్యాసానికి పనికిరాదు. ఆ పాటలు పొద్దున లేస్తే రేడియోలో వస్తూనే ఉన్నాయి. కాస్త లోపలికి వెళ్తే అసలు జవాబులు దొరుకుతాయి. కమల్ హాసన్ ఏళ్ల తరబడి తెలుగులో మాట్లాడింది బాలు గొంతుతో. 2008 నాటి దశావతారంలో పది వేషాలుంటే తెలుగులో ఏడింటికి ఆయనే చెప్పారు. ముసలమ్మ ఒక రకం, పొడుగాయన ఒక రకం. అది పాట కాదు, నటన. ఇలాంటిదే "ఆగిపోయింది" కింద రాయాలి.

ఆగనిది ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగా. తర్వాత దాన్ని కొడుకు చరణ్ నడుపుతున్నారు. కానీ "ఎందరో గాయకులను తయారుచేశారు" అని ఒక వాక్యం రాసి వదిలేస్తే లాభం లేదు. పాత ఎపిసోడ్ ఒకటి పెట్టుకుని, పాట అయ్యాక ఆయన మాట్లాడిన రెండు నిమిషాలు కాగితం మీద ఉన్నదున్నట్టు దించుకోమనండి. పాట ఎవరు రాశారో, బాణీ ఎవరిదో చెప్పడం, శ-ష-స తేడా, ళ పలకాల్సిన చోట ల పలికితే ఆపడం, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పాడి చూపించడం. ఒక్క పిల్లవాడికి ఒక్క అక్షరం దిద్దిన ఘట్టం రాస్తే చాలు, "గురుతుల్యులు" అనే మాటతో పనుండదు. అలాంటిదే ఇంకొకటి. తనకు సినిమాల్లో మొదటి పాట ఇచ్చిన ఎస్.పి. కోదండపాణి పేరు మీదే ఆయన తన రికార్డింగ్ స్టూడియోకు కోదండపాణి ఆడియో ల్యాబ్ అని పెట్టుకున్నారు. కృతజ్ఞత గురించి పేరా రాయడం కన్నా ఆ బోర్డు పేరు ఒక్కటి రాస్తే సరిపోతుంది.

ఇక అంకెలు. సంస్మరణ వ్యాసాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. బాలు 40,000 పాటలు పాడారని అందరూ రాస్తారు. ఒకసారి భాగించి చూడండి. మొదటి పాట 1966 డిసెంబర్‌లో రికార్డయింది. అక్కణ్నుంచి 2020 దాకా దాదాపు 54 ఏళ్లు. అంటే ఏడాదికి 740, పండగా పబ్బం లేకుండా రోజుకు రెండు. మంచి ఊపులో ఉన్న రోజుల్లో అంతకన్నా ఎక్కువే పాడి ఉంటారు గానీ 54 ఏళ్లకు సగటుగా చూస్తే అది పెద్ద లెక్క. అబద్ధమని నేననడం లేదు, జాబితా ముందు పెట్టుకుని లెక్కపెట్టిన అంకె కాదంటున్నాను. కాబట్టి "40,000 పాటలని చెబుతారు" అని రాయించి, వెంటనే లెక్కకు నిలిచేది పక్కన పెట్టించండి. గాయకుడిగా ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో. తెలుగులో మూడు (శంకరాభరణం, సాగర సంగమం, రుద్రవీణ), హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కొక్కటి. ఎవరు కాదన్నా రుజువు చూపించవచ్చు.

ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి వనజీవి రామయ్య విషయంలోనూ ఇంతే. 2025 ఏప్రిల్ 12న పోయారు, 2017లో పద్మశ్రీ. "కోటి మొక్కలు నాటారు" అన్నది ఆయన పేరుకు అతుక్కుపోయింది. యాభై ఏళ్లనుకుంటే ఏడాదికి 2 లక్షలు, రోజుకు 548. గుంత తీసి, మొక్క పెట్టి, నీళ్లు పోసే మనిషికి రోజుకు 548 సాధ్యం కాదు. అయితే ఆయన పని ఎక్కువగా విత్తనాలతో. పోగుచేసుకుని, సంచిలో వేసుకుని, ఖాళీ జాగా కనబడిన చోట వేసుకుంటూ పోయేవారు. "మొక్కలు నాటారు" అనే బదులు "విత్తనాలు వేశారు" అని రాస్తే ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో పాఠకుడికి అర్థమవుతుంది, అతిశయోక్తి అనీ అనిపించదు. మీ ఊరు ఆ చుట్టుపక్కలే అయితే ఇంకా మంచిది. ఆయన విత్తనాలు వేసిన రోడ్డు ఒకటి ఊళ్లోవాళ్లను అడిగి, ఒక కిలోమీటరు నడిచి, ఏ చెట్లు, ఎన్ని అన్నది రాయించండి. మెడలో "వృక్షో రక్షతి రక్షితః" అట్ట తగిలించుకుని తిరిగిన మనిషి ఇక కనబడడు, చెట్లు మాత్రం ఉన్నాయి. నేను పైన చెప్పిన రెండు ప్రశ్నలకూ ఇంత సూటిగా జవాబు దొరికే మనిషి అరుదు.

"మొదటి" అనే మాట కనబడితే పెన్ను ఆపి చూడాలి. కృష్ణ (2022 నవంబర్ 15న పోయారు) మీద రాసినవాళ్లలో కొందరు తేనె మనసులును "తెలుగులో మొదటి రంగుల సినిమా" అనేస్తారు. అది 1965 సినిమా. 1963లోనే లవకుశ పూర్తి రంగుల్లో వచ్చింది. తేనె మనసులు మొదటి రంగుల సాంఘిక చిత్రం. ఆ ఒక్క మాట ఎగిరిపోతే వాక్యం తప్పయిపోతుంది. తొలి సినిమాస్కోప్ అల్లూరి సీతారామరాజు (1974), తొలి 70 ఎంఎం సింహాసనం (1986) అన్నవి నిలుస్తాయి. మామూలుగా జరిగేది ఏమిటంటే, మొదట రాసినవారు విశేషణంతో సరిగానే రాస్తారు, రెండో ఆయన బరువు తగ్గించడానికి విశేషణం తీసేస్తాడు, మూడో ఆయన ఆ రెండోదాన్ని ఎత్తిరాస్తాడు. పది చోట్ల ఒకేలా ఉందని నమ్మకండి. పదీ ఒకదాని నకలే కావచ్చు.

తేదీల గొడవకు శంకరాభరణం కన్నా మంచి ఉదాహరణ లేదు. సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. జాతీయ అవార్డులు మాత్రం 1979వి. విడుదల ఎప్పుడన్నది కాదు, సెన్సార్ సర్టిఫికెట్ ఏ ఏడాది వచ్చిందన్నదే అక్కడ లెక్క. ఇది తెలియక ఒకరు అవార్డును 1980 చేస్తారు, ఇంకొకరు విడుదలను 1979 చేస్తారు, ఇద్దరూ తప్పే. పైగా దాన్ని "జాతీయ ఉత్తమ చిత్రం" అని రాసేస్తారు. వచ్చింది స్వర్ణకమలమే, కానీ సంపూర్ణ వినోదం అందించిన ప్రజాదరణ చిత్రం విభాగంలో. దాంతోపాటు సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి బాలు, వాణీ జయరాం. దర్శకుడు కె. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న, అంటే సరిగ్గా ఆ సినిమా విడుదలైన తేదీనే పోయారు. రెండు రోజుల తర్వాత, 4న, వాణీ జయరాం. ఈ యాదృచ్ఛికం అందరూ రాశారు, మీరూ రాయవచ్చు, ఒక్క వాక్యంలో. దాన్ని విధిలీల చేసి పేరా నింపితే మాత్రం కొట్టేయండి.

ఆ జాగాలో రాయాల్సినవి వేరే ఉన్నాయి. విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేసి దర్శకత్వానికి వచ్చినవారు. దర్శకుడిగా మొదటి సినిమా 1965లో ఆత్మగౌరవం. ఆయన సినిమాల్లో మౌనం ఎక్కడ పెట్టారో, పాటకు ముందు ఎంతసేపు నిశ్శబ్దం ఉంచారో ఒక చెవి ఉన్నవాడి చేత రాయించండి. సెట్లో ఖాకీ బట్టలు వేసుకునేవారు, పనివాళ్లలో ఒకడిగా ఉండాలని. ఆ ఖాకీ చొక్కా "నిరాడంబరుడు" అనే విశేషణాన్ని అనవసరం చేస్తుంది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు చేత శంకరాభరణంలో శంకరశాస్త్రి పాటలు పాడించడానికి మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గరుండి నేర్పించారు. ఆ పేరు రాస్తే విశ్వనాథ్ విలువేమీ తగ్గదు. వారసత్వం గురించి రాస్తూ ఆయన చుట్టూ ఉన్నవాళ్లను మింగేయడం ఈ వ్యాసాల్లో పెద్ద జబ్బు.

వయసు లెక్క కూడా చెప్తాను, ఇదొక ముల్లు. విశ్వనాథ్ పుట్టింది 1930 ఫిబ్రవరి 19న. పోయేనాటికి 92 నిండాయి, 93వ ఏట ఉన్నారు. "93 ఏళ్ల వయసులో" అన్నది తప్పు, "93వ ఏట" అన్నది ఒప్పు. కోట శ్రీనివాసరావు 1942 జూలై 10న పుట్టి 2025 జూలై 13న పోయారు. పుట్టినరోజు దాటి మూడు రోజులు, కాబట్టి 83 నిండాయి, 84వ ఏట. సంచిక మొత్తానికి ఏదో ఒక పద్ధతి పెట్టుకోండి. పాతతరం వాళ్లకు బళ్లో వేసిన పుట్టినతేదీ ఒకటి, ఇంట్లో చెప్పేది ఒకటి ఉంటుంది. రెండు తేదీలు దొరికి తేల్చలేకపోతే ఏడాది మాత్రం వేయండి, ఏడాదీ తేలకపోతే వయసే వదిలేయండి.

జిల్లాల పేర్లు మరిచిపోవద్దు. విశ్వనాథ్ పుట్టిన పెదపులివర్రు 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. "అప్పటి గుంటూరు, నేటి బాపట్ల" అని ఒక్కసారి రాస్తే చాలు. తెలంగాణలో 2016 తర్వాత ఈ తిప్పలు ఇంకా ఎక్కువ.

ఎవరి పాట ఎవరి ఖాతాలో పడుతోందో కూడా చూడండి. గద్దర్ (2023 ఆగస్టు 6) మీద వచ్చిన చాలా వ్యాసాల్లో "బండెనక బండి కట్టి" ఆయన రాసిన పాటల జాబితాలో చేరిపోయింది. అది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. మా భూమి సినిమాలో గద్దర్ పాడి ఊరూరికీ చేర్చారు. ఈ తేడా చెబితే గద్దర్ చిన్నవాడు కాడు. ముప్పై ఏళ్ల నాటి పాటను కొత్త తరం నోట్లో పెట్టడం ఎంత పనో తెలుస్తుంది. సినిమా పాటలకైతే అప్పట్లో హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, రికార్డు అట్టల మీద అచ్చయిన పేర్లు నమ్మదగ్గవి. యూట్యూబ్ కింద రాసిన పేర్లు కావు.

వివాదాలున్నవాళ్ల సంగతి. "చచ్చినవాడి కళ్లు చారెడు" అని మనకో సామెత ఉంది. సంతాపసభలో అది సహజం, దాన్ని తప్పుపట్టను. పదకొండో రోజు మాట్లాడేది వేరు, రెండేళ్ల తర్వాత సంచికలో అచ్చయ్యేది వేరు. అచ్చులో దాస్తే చదివేవాడు మిగతాది కూడా నమ్మడు.

పద్ధతి ఇదీ. విశేషణాలు లేకుండా, తేదీలతో, రెండు నిజాలు పక్కపక్కన పెట్టండి, తీర్పు చెప్పకండి. గద్దర్ దశాబ్దాల పాటు ఎన్నికలను బహిష్కరించిన ఉద్యమం గొంతుక. 2018లో తొలిసారి ఓటేశారు. 1997 ఏప్రిల్‌లో జరిగిన కాల్పుల్లో దిగిన బుల్లెట్ ఒకటి చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. పోయాక ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు, దాని మీద అభ్యంతరాలూ వచ్చాయి. ఈ నాలుగు వాక్యాలూ వరసగా ఉంటే చాలు, "విప్లవ యోధుడు" అనీ అనక్కర్లేదు, "మారిపోయాడు" అనీ అనక్కర్లేదు.

రామోజీరావు (2024 జూన్ 8) అయితే రెండు వర్గాల వాళ్లూ కోపంగా చదువుతారు. ఏది ఆగలేదో మొదట రాయించండి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు తెల్లవారకముందే పేపరు గుమ్మంలో పడే అలవాటు చేసింది, మండలం స్థాయి వార్తకు జిల్లా పేజీల్లో చోటిచ్చింది. ఇవాళ ఆయన్ను తిట్టే పత్రిక కూడా ఆ రెండూ పాటిస్తోంది. తర్వాత ఆయన సంస్థ మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల వివాదం ఒక వాక్యం. 2006లో మొదలైంది, ఆయన పోయేనాటికి కోర్టులో తేలలేదు. అంతే. క్రిమినల్ కేసులో నిందితుడు చనిపోతే ఆయన వరకు విచారణ అక్కడితో ముగిసిపోతుంది. కాబట్టి అలాంటివారి గురించి "నేరం చేశారు" అనీ రాయకూడదు, "నిర్దోషిగా బయటపడ్డారు" అనీ రాయకూడదు. పోయినవాళ్ల మీద పరువునష్టం వర్తించదని కొందరి ధీమా. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మొదటి వివరణ చదవండి. కుటుంబం మనసు నొప్పించాలన్న ఉద్దేశంతో, బతికుంటే పరువు పోయేలాంటి మాట రాస్తే అదీ నేరమే కావచ్చు. పాత ఐపీసీ 499లోనూ ఈ మాట ఉండేది.

చావు మాటలు మనిషిని బట్టి ఎంచుకోవాలి. పరమపదించారు అంటే వైష్ణవుడు, శివైక్యం అంటే శైవుడు. నాస్తికుడికో, బౌద్ధుడికో, క్రైస్తవుడికో వీటిని తగిలిస్తే ఆ మనిషి నమ్మకానికే ఎదురు. గద్దర్‌ను అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలో ఖననం చేశారు. అచ్చు అలవాటుకొద్దీ "చితికి నిప్పంటించారు" అని రాసేవాళ్లు ఉన్నారు. "కన్నుమూశారు", "పోయారు", "మరణించారు" ఎవరికైనా సరిపోతాయి. "అస్తమించారు", "నింగికెగిశారు" కొట్టేయండి.

విశేషణాల కోత ఎలాగో ఒక వాక్యంతో చూపిస్తాను. సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది: "తెలుగు సినీ వినీలాకాశంలో ధ్రువతారగా వెలుగొందిన అక్షర తపస్వి సిరివెన్నెల". ఇందులో సిరివెన్నెల తీసేసి ఇంకే కవి పేరు పెట్టినా నడుస్తుంది, కాబట్టి మొత్తం వృథా. దాని బదులు: "టెలిఫోన్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసుకునే చేంబోలు సీతారామశాస్త్రికి 1986లో విశ్వనాథ్ సినిమా పేరే ఇంటిపేరైపోయింది." ఇది ఇంకెవరికీ అతకదు. పేరు మార్చి చదవడం ఒక్కటే పరీక్ష. మార్చినా నిలిచిన ప్రతి వాక్యమూ పోవాలి. మొదటి చిత్తులో మూడో వంతు పోతుంది, కంగారుపడకండి.

సిరివెన్నెల అనగానే పాట మొత్తం అచ్చువేసేద్దామనిపిస్తుంది. వద్దు. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆయన 2021 నవంబర్ 30న పోయారు కాబట్టి 2081 చివరిదాకా. విమర్శ కోసం రెండు మూడు పాదాలు ఎత్తి చూపడం వేరు, పాట పాటంతా వేసి పేజీ నింపడం వేరు. ఫొటోలకూ అంతే, తీసినవారి అనుమతి, పేరు.

ఎంత సమయం పడుతుందంటారా, ఒక్కో వ్యాసానికి ఆరు రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు జీవితచరిత్ర జోలికి పోకుండా ఆ మనిషి పనే వినడం, చూడటం, చదవడం. మూడో రోజు తేదీలు. పద్మ అవార్డులకు కేంద్ర హోం శాఖ జాబితాలు, జాతీయ సినిమా అవార్డులకు ఆ ఏడాది ప్రభుత్వం వేసిన కేటలాగులు, పాత పత్రికలకు ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన సంచికలు, రాజకీయ నాయకులైతే ఎన్నికల సంఘం ఫలితాల నివేదికలు. పద్మ ప్రకటన జనవరి 25న, ప్రదానం నెలల తర్వాత. బాలు పద్మవిభూషణ్ (2021) మరణానంతరం వచ్చింది, "అందుకున్నారు" అని రాయకూడదు. గౌరవ డాక్టరేట్‌ను పీహెచ్‌డీ చేయకండి. నాలుగో రోజు ఇద్దరితో మాట్లాడించండి, ఒకరు ఆయనతో సమానులు, ఒకరు ఆయన కింద పనిచేసినవారు. రెండో మనిషి దగ్గరే పనికొచ్చేది దొరుకుతుంది, డ్రైవరో, కోరస్ పాడినావిడో, కంపోజిటరో. ఐదో రోజు రాయడం, ఆరో రోజు కోత. ఎ4 కాగితం మీద 12 పాయింట్ల అక్షరంతో రెండు పేజీలంటే, ఫొటో, బాక్సు పోను 600 పదాలకు మించి పట్టవు. ఆ కొలత ముందే చెప్పండి, లేకపోతే రెండు వేల పదాలు వచ్చి, కోత మీ నెత్తిన పడుతుంది.

కుటుంబ సభ్యులు తెలిసినవాళ్లయితే ప్రూఫు పంపమంటారు. బాక్సు మాత్రం పంపండి, పేర్లు, ఊళ్లు, తేదీలు వాళ్లే బాగా దిద్దుతారు. వ్యాసం పంపితే "మా నాన్నగారు అలా అనేవారు కాదు" దగ్గర మొదలై, అన్నల్లో ఒకాయన పేరు ముందా వెనకా అన్నదాకా వెళ్తుంది, అచ్చు వారం ఆలస్యమవుతుంది.